చేపపొడి లేని పిల్లమేత: రెండు సీజన్లు వాడిన తర్వాత

కొత్త మేత సంచి ఏది వచ్చినా మా ఇంట్లో ముందు జరిగే పని ఒకటే. గాజు గ్లాసు నిండా చెరువు నీళ్లు పోసి, సంచిలోంచి ఇరవై గుళికలు లెక్కపెట్టి అందులో వేసి, గడియారం పక్కన పెట్టుకుని కూర్చుంటాను. నిరుడు జూలైలో వచ్చిన ఈ చేపపిల్లల మేత గుళికలు తేనె రంగులో ఉన్నాయి. మాకు అలవాటైన ముదురు గోధుమ రంగు కాదు. సంచి కుట్టు విప్పగానే గుప్పున కొట్టే ఎండుచేపల వాసన లేదు. దోరగా వేయించిన సోయా పిండి వాసన, దాని వెనకాల మొక్కజొన్న వాసన. పక్కనే నిలబడ్డ మా మామగారు చిటికెడు తీసుకుని, వాసన చూసి, నాలుక మీద వేసుకుని, "ఇందులో చేపే లేదమ్మా, పిల్లలు ముట్టుకుంటాయా?" అని అడిగారు.

ఆయనకు నమ్మకంగా జవాబు చెప్పడానికి నాకు రెండు సీజన్లు పట్టింది. ఆ జవాబే ఇక్కడ రాస్తున్నాను.

కైకలూరు దగ్గర మాకు నాలుగున్నర ఎకరాల నర్సరీ చెరువులు ఉన్నాయి. చేపగుడ్లు పొదిగించే హేచరీ నుంచి స్పాన్ (గుడ్డులోంచి అప్పుడే వచ్చిన సన్న పిల్ల) తెచ్చి, అంగుళం పిల్లను చేసి, ఆ పైన వేలెడు పిల్లను చేసి అమ్ముతాం. శీలావతి (రోహు) ఎక్కువ, బొచ్చె (కట్లా) కొంచెం. వల, బండి, బేరం మా ఆయన చూసుకుంటారు. మేత, మందులు, లెక్కల పుస్తకం నావి. పదకొండేళ్లుగా ఆ పుస్తకం రాస్తున్నాను కాబట్టి, ఇక్కడ మా చెరువుల గురించి ఇచ్చే అంకెలన్నీ అందులోవే. ఇతరుల చెరువుల్లో వేరే అంకెలు రావచ్చు.

కంపెనీ పేరు రాయడం లేదు. నేను చూసింది రెండు బ్యాచ్‌లే, వాటిలో ఒకటి బాగుంది, రెండో దానిలో చిక్కు వచ్చింది. ఇప్పుడు మన ప్రాంతంలో ఈ రకం మేత తయారు చేసేవాళ్లు ఒకరు కాదు. ఎవరి సంచి కొన్నా ఏం చూసుకోవాలో తెలియడమే ముఖ్యం.

ముందుగా మేత సంగతి. తేలే గుళిక. 1 మిల్లీమీటరు, 1.5 మిల్లీమీటర్లు, 2 మిల్లీమీటర్ల సైజుల్లో వస్తోంది. 25 కిలోల సంచి. ప్రోటీను 32 శాతం, కొవ్వు 5 శాతం అని ముద్రించారు. ప్రోటీను చాలావరకు నూనె తీసిన సోయా చెక్క, మొక్కజొన్న గ్లూటెన్ (మొక్కజొన్నలోని ప్రోటీను భాగం) నుంచి వస్తోంది. మిగతాది నూనె తీసిన తవుడు, గోధుమ పిండి, ఖనిజాలు, విటమిన్లు, విడిగా కలిపిన అమైనో ఆమ్లాలు. చేపపొడి ఒక్క గ్రాము కూడా లేదు. నాకు డీలరు వేసిన ధర కిలో 62 రూపాయలు. అదే దుకాణంలో చేపపొడి కలిసిన పిల్లమేత కిలో 94 రూపాయలు.

ఈ తేడాకు కారణం చేపపొడే. మన దేశంలో చేపపొడికి పడమటి తీరంలో పడే కవళ్లు (సార్డీన్ చేపలు) ముఖ్యమైన ఆధారం. ఒక ఏడాది వలలు నిండుతాయి, మరో ఏడాది కవళ్లు కనిపించవు. ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ చేపపొడి చేసే పెరూలో 2023లో ఎల్ నినో (పసిఫిక్ సముద్రం వేడెక్కడం) వల్ల ఆ ఏడాది మొదటి వేట సీజన్ రద్దు చేశారు. ఎక్కడో పసిఫిక్ ఒడ్డున వల పడకపోతే మా కైకలూరులో సంచి ధర మారుతుంది. అలాగని సోయా కుదురుగా ఉంటుందని అనుకోకూడదు. 2021లో సోయా చెక్క ధర ఎంత పెరిగిందంటే, ఎన్నడూ లేనిది కేంద్రం 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా చెక్క దిగుమతికి అనుమతి ఇవ్వాల్సి వచ్చింది. కాబట్టి చవక అన్న ఒక్క కారణంతో ఈ మేత వైపు వెళ్లేవారు ఆ లెక్క ఏటా మళ్లీ వేసుకోవాలి.

శాకాహార మేత అనగానే మన రైతులు ఇదేదో విదేశీ పద్ధతి అన్నట్టు చూస్తున్నారు. నాకు అది సరిగా అనిపించదు. సంచికి అడుగున వరుసగా రంధ్రాలు పొడిచి, తవుడు, వేరుశనగ చెక్క నింపి, చెరువులో పాతిన వెదురు గడలకు కట్టి చేపలను పెంచింది మనమే. మామగారి కాలమంతా అలాగే గడిచింది. కిలోన్నర శీలావతి ఆ తవుడు సంచి కింద మూతి పెట్టి తినే దృశ్యం కొల్లేటి చుట్టుపక్కల పుట్టినవాళ్లెవరూ మరిచిపోరు. పెద్ద చేపకు మొక్కల మేత మన ఇంటి విద్యే. ఇప్పుడు కొత్తగా వచ్చిన ప్రశ్న పిల్ల గురించి. పొట్ట ఇంకా తయారుకాని పిల్లకు సోయా పెడితే ఏమవుతుంది?

దీన్ని నేను కళ్లారా చూసుకున్నాను. ఒకరోజు వల లాగుతుండగా నలిగి చనిపోయిన పిల్లలు కొన్ని దొరికాయి. స్టీలు పళ్లెంలో పెట్టి బ్లేడుతో పొట్ట కింద సన్నగా చీల్చాను. అంగుళం పిల్లలో పేగు దారపు ముక్కంత ఉంది, ఒకటి రెండు మెలికలు, అంతే. దానిని గాజు పలక మీద నొక్కి భూతద్దం కింద చూస్తే లోపలంతా డాఫ్నియాలనే సన్న నీటిపురుగుల పెంకులు, తెగిన కాళ్లు. నాలుగంగుళాల పిల్లను చీలిస్తే పేగు చుట్టలు చుట్టలుగా, చక్రాల్లా వచ్చే దోమల బత్తీలా ముడుచుకుని ఉంది. మెల్లగా విప్పి పళ్లెం మీద పరిస్తే చేప పొడవుకు ఎన్నో రెట్లు సాగింది. లోపల ఆకుపచ్చని ముద్ద. రెండూ శీలావతులే. ఒకటి పురుగులు తినే జీవి, రెండోది ఆకు అలము తినే జీవి అన్నట్టు ఉన్నాయి.

చంటిబిడ్డకు ఆరో నెలలో అన్నప్రాశన చేస్తాం, పుట్టిన రోజునే అన్నం ముద్ద పెట్టం. శీలావతి పిల్లకు మొదటి రెండు మూడు వారాలు నీటిలోని సన్న పురుగులే తల్లిపాలు. అందుకే స్పాన్ వదలడానికి ముందు వేరుశనగ చెక్క, పశువుల పేడ, సూపర్ ఫాస్ఫేట్ కలిపి నానబెట్టి చెరువులో చల్లుతాం. యాభై లీటర్ల నీళ్లు ప్లాంక్టన్ వలలో (ఈ సన్న పురుగును పట్టే గుడ్డ వల) వడపోస్తే ఒకటి రెండు మిల్లీలీటర్ల పురుగు దిగాలి. అది దిగకుండా స్పాన్ వదిలితే ఏ మేతా కాపాడదు.

అందుకని మొదటి సీజన్‌లో నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. డీలరు మాట మీద పదో రోజు నుంచే, ఇంకా అరంగుళం కూడా లేని పిల్లకు ఈ మేతను పొడి చేసి వేశాను. తినలేదని కాదు, తిన్నాయి. కానీ తెల్లటి పొడవాటి మలం తోకకు వేలాడుతూ తిరిగాయి. ఇరవయ్యో రోజు వల పెడితే లక్షకు 24,000 వచ్చాయి. మాకు ఎప్పుడూ 35,000కు తగ్గదు. ఆ తప్పు మేతది కాదు, వేళ తప్పి పెట్టిన నాది. అయితే సంచి మీద "స్పాన్ నుంచి" అని అచ్చు వేయడం మాత్రం కంపెనీ తప్పే. అలా రాయకూడదు.

ఇక రెండో సీజన్. ఈసారి ఒకే హేచరీ పిల్లను అంగుళం దాకా ఒకేలా పెంచాను. తర్వాత పక్కపక్కనే ఉన్న రెండు అరెకరం చెరువుల్లో ఒక్కోదానిలో 40,000 చొప్పున వదిలాను. తూర్పు చెరువుకు చేపపొడి ఉన్న మేత, పడమటి చెరువుకు ఈ సోయా మేత. నీళ్లు ఒకే కాలువవి, సున్నం ఒకే రోజు, వల ఒకే రోజు. అరవై రోజులు చూశాను.

మొదటి మూడు రోజులు మామగారి అనుమానమే నిజమనిపించింది. వెదురు చట్రంలో మేత చల్లితే తూర్పు చెరువులో నీళ్లు ఉడికినట్టు కదిలేవి. పడమటి చెరువులో గుళికలు గాలికి ఒక మూలకు చేరి అలాగే తేలుతూ ఉండేవి. వాసన లేని మేత కదా. నాలుగో రోజు నుంచి పాత మేత సగం, ఇది సగం కలిపాను. రెండు రోజులకోసారి పాతది తగ్గించుకుంటూ వచ్చాను. పదో రోజుకు వాటికి రుచి పట్టింది. ఉదయం ఏడున్నరకు మా చెరువు చూసే పెద్దాయన డబ్బా మీద గరిటెతో కొడితే చాలు, రెండు గట్ల దగ్గరా ఒకేలా మూగేవి. కొత్తగా వాడేవాళ్లు ఈ పది రోజులు ఓపిక పట్టాలి. మొదటి రోజే మొత్తం మార్చేసి, తినడం లేదని సంచులు వెనక్కి పంపినవాళ్లు నాకు ఇద్దరు తెలుసు.

అరవయ్యో రోజు లెక్క ఇది. తూర్పు చెరువులో సుమారు 32,000 పిల్లలు వచ్చాయి, కిలోకు 95 తూగాయి. పడమటి చెరువులో సుమారు 31,200, కిలోకు 108. అంటే ఒక్కో పిల్ల తూర్పున పదిన్నర గ్రాములు, పడమట తొమ్మిది గ్రాములకు కొంచెం పైన. మేత తూర్పున 380 కిలోలు, పడమట 375 కిలోలు పట్టింది. దాదాపు అంతే మేతకు పడమట బరువు తక్కువ వచ్చింది, ఆ మాట దాచను. కానీ మేత ఖర్చు తూర్పున 35,720 రూపాయలు, పడమట 23,250 (మొదట్లో కలిపిన పాత మేతను కూడా ఇదే ధరకు లెక్కేస్తే). తేడా 12,470. మేము పిల్లను లెక్కన అమ్ముతాం కాబట్టి, తగ్గిన 800 పిల్లల ఖరీదు తీసేసినా, సైజు కాస్త తక్కువని కొన్నవాళ్లు తగ్గించిన ధర తీసేసినా, అరెకరం మీద ఏడెనిమిది వేలు మిగిలింది.

సైజు తేడాను తేలికగా తీసుకోకండి. మా పిల్ల చాలాభాగం తెలంగాణ చెరువులకు వెళుతుంది. అక్కడ 2016లో మొదలైన చేపపిల్లల పంపిణీలో చిన్న చెరువులకు 35 నుంచి 40 మిల్లీమీటర్లు, ఏడాదంతా నీరుండే పెద్ద చెరువులకు, జలాశయాలకు 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్ల అడుగుతారు. బండి దగ్గర స్కేలు పెట్టి కొలుస్తారు. 78 మిల్లీమీటర్ల పిల్ల ఎంత బలంగా ఉన్నా వెనక్కి వస్తుంది. ఈ మేతతో ఆ కొలతకు చేరడానికి మాకు వారం రోజులు ఎక్కువ పట్టింది. గడువు దగ్గర పడిన ఒప్పందం చేతిలో ఉంటే ఆ వారం చాలా ఖరీదైనది. నేనైతే అలాంటప్పుడు చివరి ఇరవై రోజులు చేపపొడి మేతే వేస్తాను.

ప్రయాణంలో మాత్రం రెండు చెరువుల పిల్లకూ తేడా కనిపించలేదు. రాత్రంతా హాపాలో (నీళ్లలో కట్టిన సన్న వలగూడు) మేత లేకుండా ఉంచి, తెల్లవారుజామున బండికి ఎక్కించాం. సూర్యాపేట దాటేసరికి ఎండ వచ్చింది. దించేటప్పుడు చనిపోయినవి రెండు తొట్లలోనూ పదుల్లోనే ఉన్నాయి. పిల్ల లోపల బలంగా ఉందో లేదో చెప్పే పరీక్ష నా దృష్టిలో ఇదే. తూకం కన్నా దీన్నే ఎక్కువ నమ్ముతాను.

ఇప్పుడు అందరికన్నా ముందు నర్సరీ వాళ్లు తెలుసుకోవలసిన సంగతి. పిల్ల ఎముక గట్టిపడటానికి కావలసిన భాస్వరం.

మూడేళ్ల కిందట ఒక చిన్న మిల్లు నుంచి సోయా మేత అని చెప్పి, ఏ వివరమూ ముద్రించని సంచులు కొన్నాం. చవక. నలభై రోజులకు పిల్లలు పొట్ట ఉబ్బి, చూడటానికి బొద్దుగా కనిపించాయి. కొన్నింటి వెన్ను వంకర తిరిగింది. చేతిలోకి తీసుకుని తల మీద బొటనవేలితో అద్దితే ఎముక గట్టిగా లేదు, నానిన బఠాణీ గింజలా నొక్కుకుపోయింది. ఒకటి కోసి చూస్తే పేగు చుట్టూ తెల్లని కొవ్వు పేరుకుని ఉంది. మేతను పరీక్షకు పంపితే ప్రోటీను 31 శాతం ఉందని కాగితం వచ్చింది. ప్రోటీను ఉంటే పిల్ల ఎందుకిలా అయింది? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 60,000 పిల్లలను ఎవరికీ అమ్మలేక గుంతలో పూడ్చాం.

తర్వాత చేపల శాస్త్రం చదివినవారిని అడిగి తెలుసుకున్నది ఇది. సోయాలో, తవుడులో భాస్వరం లేకపోలేదు. కానీ అందులో ఎక్కువ భాగం ఫైటేట్ రూపంలో తాళం వేసి ఉంటుంది. ఆ తాళం తీసే ఎంజైము చేప దగ్గర లేదు. పైగా ఫైటేట్ జింకు వంటి ఖనిజాలను కూడా పట్టుకుని బయటకు లాక్కుపోతుంది. మరో సంగతి, శీలావతికీ బొచ్చెకూ మనలా ఆమ్లం ఊరే జీర్ణాశయమే లేదు. నోటి నుంచి నేరుగా పేగే. ఆమ్లం లేదు కాబట్టి చేపపొడిలో ఉండే ఎముకల భాస్వరం కూడా వాటికి సరిగా దక్కదు. చేపపొడి ఉంది కదా, భాస్వరం వచ్చేస్తుందిలే అనుకునేవాళ్లు ఇక్కడే పొరబడతారు. మేతలో భాస్వరాన్ని విడిగా, నీటిలో కరిగే రూపంలో కలపాలి. మోనో కాల్షియం ఫాస్ఫేట్ అయితే ఈ జాతులకు బాగా ఒంటబడుతుంది. డైకాల్షియం ఫాస్ఫేట్ చవక, కానీ అంతగా అందదు. ఫైటేజ్ అనే ఎంజైమును కలిపితే తాళం కొంత తెరుచుకుంటుంది. అయితే ఆ ఎంజైముకు కొంచెం పులుపు కావాలి. అందుకే దానితో పాటు సిట్రిక్ ఆమ్లం కూడా కలిపి శీలావతి పిల్లల మీద మన దేశంలోనే పరిశోధనలు చేశారు.

ఈ అనుభవం ఉండబట్టే ఇప్పటి కంపెనీ ప్రతినిధి వచ్చినప్పుడు ప్రోటీను గురించి ఒక్క మాటా అడగలేదు. "మీరు వేసే ఫాస్ఫేట్ ఏది?" అని మాత్రమే అడిగాను. ఆ అబ్బాయి ఫోను చేసి కనుక్కుని, "మోనో కాల్షియమేనండి, ఫైటేజ్ కూడా వేస్తున్నామండి" అని చెప్పాడు. మాట నమ్మి ఊరుకోలేదు. నలభయ్యో రోజు పడమటి చెరువు నుంచి వంద పిల్లలను తీసి ఒక్కొక్కటి వెలుగుకు ఎత్తి వెన్ను చూశాను, తల నొక్కి చూశాను. ఒక్కటి వంకర ఉంది. తూర్పు చెరువులో కూడా ఒక్కటే. ఆ రోజు మామగారికి చెప్పాను, ఈ మేత మనకు పనికొస్తుందని.

ప్రోటీను అంకె గురించి ఒక మాట. పరీక్ష చేసేవాళ్లు మేతలోని నత్రజనిని కొలిచి 6.25తో హెచ్చవేస్తారు. అదే సంచి మీద కనిపించే ముడి ప్రోటీను. ఎవరైనా యూరియా కలిపినా ఆ అంకె పెరుగుతుంది. చేపకు అరిగేది ఎంతో ఆ అంకె చెప్పదు. సోయాలో మిథియోనిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. వేరుశనగ చెక్కలో లైసీన్ అనే మరో అమైనో ఆమ్లం, మిథియోనిన్ రెండూ తక్కువ. పత్తి చెక్కలో గాసిపాల్ అనే విషం ఉంటుంది, అది ఉన్న లైసీన్‌ను కూడా కట్టేస్తుంది. అందుకే పిల్లకు పత్తి చెక్క నేను దగ్గరకు రానివ్వను. పచ్చి సోయాలో ప్రోటీనును అరగనివ్వని పదార్థం ఒకటి ఉంది, దానిని వేడి చంపుతుంది. తేలే గుళికను ఆవిరి వేడితో, ఒత్తిడితో ఉబ్బించి చేస్తారు కాబట్టి ఆ విషయంలో ఈ మేతకు మేలే జరిగింది. సొంతంగా సోయా పిండి తెచ్చి ఉండలు కట్టి వేసేవాళ్లకు ఆ రక్షణ ఉండదు. ఉడికించి వేయాలి.

నచ్చనివి కూడా చెప్పాలి. మొదటిది పొడి. మొదటి బ్యాచ్‌లో ఒక సంచి మొత్తాన్ని ఇంట్లో పిండి జల్లెడతో జల్లించాను. కిలోకు పైగా పొడి దిగింది. కిలో 62 రూపాయల వస్తువు కదా, ఆ పొడి ఏ చేప నోట్లోకీ పోదు. నీళ్లలో కలిసి కుళ్లి అమోనియా అవుతుంది. రెండో బ్యాచ్‌లో అరకిలో లోపే దిగింది. మారినందుకు సంతోషం, ఇంకా తగ్గించాలి. గుళికల సంగతి మాత్రం బాగుంది. గ్లాసులో వేసిన ఇరవైలో అరగంటకు 18 తేలుతూనే ఉన్నాయి, గంటకు మెత్తబడ్డాయి కానీ విడిపోలేదు.

రెండోది నీరు. పడమటి చెరువులో మలం ఎక్కువ పడింది, తేలికగా విడిపోయే రకం. ఆరో వారానికి నీళ్లు తూర్పు చెరువు కన్నా ఎక్కువ పచ్చబడ్డాయి, అమోనియా కిట్‌లో రంగు ఒక మెట్టు ముదిరింది. అదనంగా రెండుసార్లు నీరు మార్చాను. అరగని భాస్వరం బురదలోకి చేరి నాచుకు ఎరువు అవుతుంది. మనం వదిలిన నీళ్లు డ్రెయిన్ల ద్వారా కొల్లేటికి, అక్కడి నుంచి ఉప్పుటేరుకు పోతాయి. ఆ నీళ్ల గురించి ఆలోచించవలసింది మనమే. ఈ మేత వాడేవాళ్లు ఏరేటరు (నీటికి గాలి పట్టించే యంత్రం) లేకుండా ఎకరానికి లక్ష పిల్లల చొప్పున వేయవద్దు.

మూడోది, నాకు నిజంగా కోపం తెప్పించింది. ఆగస్టు చివర వచ్చిన పన్నెండు సంచుల్లో రెండింటి మూలలు తడిసి ఉన్నాయి. కుట్టు విప్పితే గుళికలు గడ్డకట్టి, వాటి మధ్య ఆకుపచ్చని బూజు. డీలరుకు ఫోను చేస్తే, "కొంచెం ఎండలో ఆరబెట్టి వేయండమ్మా, ఏమీ కాదు" అన్నాడు. ఏమీ కాకపోవడం ఏమిటి? మొక్కల గింజల మీద పట్టే కొన్ని రకాల బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని వదులుతుంది. బూజు ఎండకు రాలుతుంది కానీ విషం పోదు, ఉడికించినా పూర్తిగా పోదు. పిల్ల కాలేయం పాలిపోతుంది, మెల్లగా, రోజుకు కొన్నిగా చనిపోతాయి, కారణం ఎవరికీ అంతుపట్టదు. వేరుశనగ చెక్కతో మన పెద్దలు ఈ కష్టం చూశారు. సోయా, మొక్కజొన్న మేతకు వానాకాలంలో అదే భయం ఉంది. నేను ఆ రెండు సంచులూ వెనక్కి తీసుకోవలసిందేనని పట్టుబట్టాను. తొమ్మిది రోజులు తిప్పించుకుని తీసుకున్నాడు. బిల్లు ఉంది కాబట్టి తీసుకున్నాడు. 2020లో మన రాష్ట్రం చేపల మేత నాణ్యత నియంత్రణకు చట్టం తెచ్చింది. బిల్లు లేకుండా కొన్న సంచికి ఏ చట్టమూ అక్కరకు రాదు, ఇది మాత్రం గుర్తు పెట్టుకోండి. సంచులను నేల మీద కాకుండా చెక్క పలకల మీద, గోడకు మూరెడు ఎడంగా పెట్టండి.

ఎవరికి పనికొస్తుంది అంటే, అంగుళం దాటిన శీలావతికి, మోసు (మృగాల) చేపకు నిశ్చింతగా వాడవచ్చు. బొచ్చె పిల్లకు నేను దీని మీద ఆధారపడను, అది నీటిలోని పురుగునే వెతుక్కుంటుంది, గుళిక వైపు ఆలస్యంగా వస్తుంది. బొచ్చె చెరువుకు ముందు పేడ, చెక్క సరిగా పడాలి. కొరమీను పిల్లకు అసలు వద్దు. అది మాంసం తినే జాతి, దానికి సోయా పెట్టి పెంచుదామనుకుంటే పిల్లలు ఒకదాన్నొకటి పీక్కు తింటాయి. రూప్‌చంద్, పంగస్ చేపలు వేసే మా బంధువులు వాడుతున్నారు, తృప్తిగానే ఉన్నారు.

ఈ జూన్ సీజన్‌కు 1.5 మిల్లీమీటర్ల గుళిక పద్దెనిమిది సంచులు చెప్పాను. తయారీ తేదీ రెండు నెలలు దాటితే దించుకోనని, మూల తడిసిన సంచి బండి మీద నుంచి కిందికి దిగకూడదని ముందే చెప్పాను. బొచ్చె చెరువుకు మాత్రం పాత మేతే వస్తుంది. స్పాన్ దిగే ముందు నానబెట్టాల్సిన వేరుశనగ చెక్క మామగారే వెళ్లి చూసి కొన్నారు, ఒక్కో ముక్కను విరిచి, లోపల బూజు లేదని నాకు చూపించి మరీ కొట్టులో పెట్టించారు.